అశోకమేది? నరమామిడి ఏది?

మన పట్టణాలలో పాఠశాలల ప్రహరీల వెంట, ప్రభుత్వ కార్యాలయాల ముంగిట, ఉద్యానవనాల బాటల పక్కన బారులు తీరి నిలిచే సతత హరిత వృక్షం ఒకటి ఉంది. అది స్తంభం వలె నిటారుగా పెరుగుతుంది. దాని కొమ్మలు కిందికి వాలి, పొడవాటి సన్నని ఆకులతో మానును నిలువునా కప్పివేస్తాయి. దాని పేరేమిటని పిల్లవాణ్ణి అడిగినా, తోటమాలిని అడిగినా, మొక్కలు అమ్మే వ్యాపారిని అడిగినా సాధారణంగా ఒకే సమాధానం వస్తుంది: 'అశోక చెట్టు.'

ఆ సమాధానం సరైనది కాదు. ఆ చెట్టు పేరు నరమామిడి. అసలైన అశోకం వేరే ఉంది. మనలో చాలామంది దానిని ఒక్కసారైనా చూసి ఉండరు. ఈ రెండు చెట్లకు దగ్గరి బంధుత్వం కూడా లేదు. నరమామిడి సీతాఫలం కుటుంబానికి చెందినది. అశోకం చింత, తంగేడు, కానుగ చెట్లు గల చిక్కుడు కుటుంబానికి చెందినది. ఇంత దూరపు చెట్లు ఒకే పేరుతో చలామణి కావడం ఆశ్చర్యకరం.

పేరు మారితే వచ్చే నష్టమేమిటని ఎవరైనా ప్రశ్నించవచ్చు. నీడ కోసం నాటుకున్న చెట్టును ఏ పేరుతో పిలిచినా నీడ తగ్గదు, నిజమే. అయితే అశోకం కేవలం నీడనిచ్చే చెట్టు కాదు. దాని బెరడును స్త్రీల అధిక రక్తస్రావానికి ఔషధంగా ఆయుర్వేద వైద్యులు తరతరాలుగా వాడుతూ వస్తున్నారు. 'అశోక బెరడు' అనే పేరుతో ఇంటికి వచ్చిన వస్తువు మరో చెట్టు బెరడైతే, ఆ పొరపాటు భారాన్ని మోసేది ఇంటిలోని తల్లి లేదా కుమార్తె. అందువలన ఈ చెట్టును దాని ఆకు, పువ్వు, బెరడు ఆధారంగా గుర్తించడం ప్రతి కుటుంబం నేర్చుకోదగిన విద్య.

పేరు వెనుక కథ

సంస్కృతంలో అశోకం అంటే శోకం లేనిది. తెలుగు నిఘంటువులలో దీనికి కంకేళి, వంజులము అనే పేర్లు కూడా కనిపిస్తాయి. పొరుగున ఉన్న ఒడిశా రాష్ట్ర పుష్పం ఈ అశోకమే.

ఈ చెట్టును శాస్త్రీయంగా వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ తెలుగు నేలతో గాఢమైన సంబంధం గల వ్యక్తి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చిన ఆయన సామర్లకోటలో సుమారు పన్నెండేళ్ళు నివసించాడు. కోరమండల్ తీరపు మొక్కలను చిత్రకారుల చేత గీయించి, వాటి తెలుగు పేర్లను సైతం నమోదు చేశాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. 1795లో అశోక వృక్షానికి 'జోనీసియా అశోకా' అనే పేరును ప్రకటించాడు. భారతీయ మొక్కలపై ఆసక్తి చూపిన భాషా పండితుడు సర్ విలియం జోన్స్ గౌరవార్థం పెట్టిన పేరది. అనంతరం దానిని 'సరాకా' అనే ప్రజాతిలో చేర్చినందున నేటి శాస్త్రీయ నామం 'సరాకా అశోకా' అయింది.

శాస్త్రజ్ఞుల గ్రంథాలలో కూడా ఈ చెట్టు పేరు చాలాకాలం తారుమారైంది. పాత వైద్య గ్రంథాలలో, ఉద్యాన గ్రంథాలలో దీనిని 'సరాకా ఇండికా' అని రాశారు. నిజానికి ఆ పేరు 1767లో లిన్నేయస్ ఆగ్నేయాసియాలోని ఒక దగ్గరి జాతికి పెట్టినది. మన చెట్టు దానికి భిన్నమని తేలిన తరువాత కూడా పాత పేరు పుస్తకాలలో కొనసాగింది.

నరమామిడికి కూడా సొంత పేరు నిలవలేదు. దానిని బెంగాల్‌లో 'దేబ్‌దారు' అంటారు. అసలైన దేవదారు హిమాలయాలలో పెరిగే మరో చెట్టు. నిటారైన మాను ఒకప్పుడు ఓడల తెరచాప కొయ్యలకు ఉపయోగపడినందున ఆంగ్లేయులు దీనిని 'మాస్ట్ ట్రీ' అన్నారు. మన వీధులలో అది అశోకమైపోయింది. కాబట్టి పేరును నమ్ముకుని చెట్టును గుర్తించడం సాధ్యం కాదు. చెట్టునే పరిశీలించాలి.

సతత హరితం అంటే ఏమిటి?

ఈ రెండు చెట్లూ సతత హరితాలే. అంటే వాటి ఆకులు రాలవని అర్థం కాదు. ఆకులు రాలుతూనే ఉంటాయి, కొత్తవి వస్తూనే ఉంటాయి. మోదుగ, బూరుగు వలె ఒక ఋతువులో చెట్టు పూర్తిగా బోడిగా మారదు. అందువలన 'ఏడాది పొడవునా పచ్చగా ఉంది' అనే ఒక్క లక్షణం ఈ రెండింటిని వేరుపరచడానికి పనికిరాదు.

చెట్టు ఆకారం కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. స్తంభం వలె నిలబడేది నరమామిడిలో తోటల కొరకు ఎంపిక చేసిన రకం. అదే జాతిలో కొమ్మలను చుట్టూ చాచి విశాలమైన గుబురుగా పెరిగే చెట్లు కూడా ఉన్నాయి. వాటిని దూరం నుండి చూచి, 'స్తంభం వలె లేదు కనుక ఇదే అసలైన అశోకం' అని నిర్ణయించే ప్రమాదం ఉంది. అశోకం మాత్రం సాధారణంగా ఆరు నుండి తొమ్మిది మీటర్ల ఎత్తు గల మధ్యరకపు చెట్టు. దాని గుబురు దట్టంగా, గుండ్రంగా ఉంటుంది. అడవులలో వాగుల ఒడ్డున, నీడ గల తేమ నేలలలో అది సహజంగా పెరుగుతుంది.

మొదటి సాక్షి: ఆకు

ఆకు ఏడాది పొడవునా లభిస్తుంది. చెట్టును గాయపరచకుండా రాలిన దానిని తీసుకుని పరిశీలించవచ్చు. కనుక పరీక్షను ఆకుతో ప్రారంభించడం ఉత్తమం.

నరమామిడి ఆకు సరళ పత్రం. ఒక కాడకు ఒకే ఆకు. అది ఈటె మొన వలె పొడవుగా, సన్నగా ఉంటుంది. దాని అంచులు అలల వలె పైకీ కిందికీ వంగి ఉంటాయి. ఈ అలల అంచు చాలా స్పష్టమైన గుర్తు. ఆకులు రెమ్మ మీద ఒకదాని తరువాత ఒకటి, ఇటొకటి అటొకటిగా అమరి ఉంటాయి.

అశోకం ఆకు సంయుక్త పత్రం. ఒకే కాడకు ఇరువైపులా జంటలు జంటలుగా పత్రకాలు ఉంటాయి. సాధారణంగా నాలుగు నుండి ఆరు జంటలు కనిపిస్తాయి. ఒక్కో పత్రకం పది నుండి ఇరవై సెంటీమీటర్ల పొడవు ఉండి, అంచు అలలు లేకుండా నున్నగా ఉంటుంది. కాడ చివర ఒంటరి పత్రకం ఉండదు, జంటతోనే ముగుస్తుంది. చింతాకును గుర్తు చేసుకుంటే ఈ అమరిక అర్థమవుతుంది. చింత పత్రకాలు చిన్నవి, అశోకం పత్రకాలు పెద్దవి. కానుగ ఆకుతో పోల్చినా తేడా తెలుస్తుంది. కానుగ కాడ చివర ఒంటరి పత్రకం తప్పక ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అశోకం పత్రకం ఒక్కటే చేతికి వస్తే అది మామూలు ఆకు వలెనే కనిపిస్తుంది. ఒక పాత తోట నుండి తెచ్చిన అశోకపు రెమ్మను ఒకసారి మా విద్యార్థుల ముందు ఉంచి, "దీనికి ఆకులు ఎన్ని?" అని అడిగాను. ఒక బాలుడు శ్రద్ధగా లెక్కించి, "పది ఉన్నాయి హజ్రత్" అన్నాడు. "మొగ్గ ఎక్కడ ఉందో వెతికి, మళ్ళీ చెప్పు" అన్నాను. అతడు ప్రతి పత్రకం మొదలునూ పరిశీలించాడు. ఎక్కడా మొగ్గ కనబడలేదు. చివరకు పది పత్రకాలనూ మోస్తున్న కాడ రెమ్మను కలిసే చోట చిన్న మొగ్గ దొరికింది. "ఒకటే ఆకు హజ్రత్!" అన్నాడు.

నియమం అదే. ఆకు రెమ్మను కలిసే చోట, ఆ మూలలో మొగ్గ ఉంటుంది. పత్రకం మొదట్లో మొగ్గ ఉండదు. ఈ ఒక్క సూత్రం తెలిసిన పిల్లవాడు వేప, చింత, మునగ, కరివేపాకు, ఏ చెట్టు ఆకునైనా సరిగా చదవగలడు.

అశోకానికి మరో విశేషం లేత చిగురు. కొత్త ఆకులు రాగి రంగులో, ఒక్కోసారి గులాబీ ఛాయతో పుడతాయి. అవి నిటారుగా నిలబడవు. నీళ్ళు లేక వాడిపోయినవా అన్నట్లు కుచ్చులుగా కిందికి వేలాడతాయి. తెలియనివారు చెట్టుకు తెగులు సోకిందని భావిస్తారు. కొన్ని రోజులలో అవి క్రమంగా బిగిసి, ఆకుపచ్చగా మారి, తమ స్థానంలో నిలబడతాయి. నరమామిడి చిగుర్లు కూడా లేత రాగి ఛాయలో మెరుస్తాయి కనుక రంగు ఒక్కటే చాలదు. వేలాడే చిగురు గుత్తిలో జంట పత్రకాలు ఉన్నాయా లేదా అని చూడాలి.

రెండవ సాక్షి: పువ్వు, కాయ

ఆకు చెప్పిన మాటను పువ్వు ధ్రువపరుస్తుంది. అశోకం ప్రధానంగా ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు పూస్తుంది. పూలు గుండ్రని దట్టమైన గుత్తులుగా వస్తాయి. అవి కొమ్మల చివరలకే పరిమితం కావు. పనస, మేడి చెట్ల కాయల వలె ముదిరిన కొమ్మల మీద నేరుగా పుట్టుకొస్తాయి. విచ్చినప్పుడు పసుపు, నారింజ రంగులలో ఉండి, రోజులు గడిచేకొద్దీ ఎరుపెక్కుతాయి. అందువలన ఒకే గుత్తిలో పసుపు, నారింజ, ఎరుపు రంగులు కలిసి కనిపిస్తాయి. వాటి సువాసన రాత్రివేళ మరింత స్పష్టంగా తెలుస్తుంది.

దూరం నుండి ఈ గుత్తిని చూచినవారికి నూరువరహాల పూలు గుర్తుకు వస్తాయి. దగ్గరకు వెళ్ళి ఒక పువ్వును చూస్తే సందేహం తీరుతుంది. నూరువరహాల పువ్వుకు నాలుగు రేకుల మధ్య నాలుగు పొట్టి కేసరాలు ఉంటాయి. అశోకం పువ్వు నుండి సాధారణంగా ఏడు పొడవైన కేసరాలు మీసాల వలె బయటకు చాచుకుని ఉంటాయి. గుత్తికి ఆ నూగు రూపాన్ని ఇచ్చేవి అవే.

మరో విచిత్రం: అశోకం పువ్వుకు ఆకర్షణ పత్రాలే లేవు. రేకుల వలె కనిపించే ఆ నాలుగు రంగు భాగాలు నిజానికి రక్షక పత్రాలు. ఇతర పూలలో మొగ్గను కప్పి ఉంచే పచ్చని భాగాల స్థానంలో ఉన్నవే ఇక్కడ రంగు తొడిగి రేకుల పని చేస్తున్నాయి. వాటి కింద ఉండే రెండు చిన్న రంగు పత్రాలను చూచి కొందరు వాటినే రక్షక పత్రాలని భావిస్తారు. ఏడవ, ఎనిమిదవ తరగతి చదివే పిల్లలకు పాఠ్యపుస్తకంలోని పుష్ప భాగాల పాఠాన్ని నిజమైన పువ్వులో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

నరమామిడి కూడా దాదాపు ఆ కాలంలోనే పూస్తుంది. అయితే దాని పూత చాలామంది దృష్టికి రాదు. పూలు లేత ఆకుపచ్చగా, ఆకుల రంగులో కలిసిపోతాయి. ఒక్కో పువ్వుకు ఆరు సన్నని రేకులు నక్షత్రం వలె విచ్చుకుని, అంచులలో కొద్దిగా అలలు తిరిగి ఉంటాయి. 'ఈ చెట్టు పూయదు' అని భావించేవారు మార్చి నెలలో కొమ్మల మధ్యకు తొంగి చూడాలి.

కాయలు మరింత తేలికైన గుర్తు. నరమామిడి కాయలు కోలగా, ఒక్కో గింజతో, గుత్తులుగా వేలాడి, పండి నల్లని ఊదా రంగుకు వస్తాయి. కోయిలలు, గబ్బిలాలు వాటిని ఇష్టంగా తింటాయి. అశోకానికి చిక్కుడు కుటుంబపు లక్షణమైన బల్లపరుపు కాయలు కాస్తాయి. అవి లేతగా ఉన్నప్పుడు ఎర్రని ఊదా ఛాయలో ఉండి, ముదిరి తోలు వలె గట్టిపడి నల్లబడతాయి. లోపల నాలుగు నుండి ఎనిమిది గింజలు ఉంటాయి.

మూడవ సాక్షి: బెరడు

బెరడును చివరకు ఉంచడానికి కారణం ఉంది. మూడింటిలో అత్యంత విలువైనది అదే, అత్యంత సులభంగా మోసం చేయగలిగినదీ అదే.

నిలిచి ఉన్న అశోకం మానుపై బెరడు ముదురు గోధుమ రంగు నుండి నల్లని బూడిద రంగు వరకు ఉంటుంది. లేత కొమ్మలపై ఆకుపచ్చ ఛాయ గల బూడిద రంగు కనిపిస్తుంది. వేలితో తడిమితే చిన్న గుండ్రని బొడిపెలు తగులుతాయి. చెట్టు గాలి పీల్చుకునే రంధ్రాలు అవి. అక్కడక్కడ అడ్డ గీతలు, చిన్న పగుళ్ళు ఉంటాయి.

ఎండిన బెరడు ముక్కకు భారత ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే ప్రభుత్వం ప్రచురించిన ఔషధ ప్రమాణ గ్రంథం, కొన్ని లక్షణాలను పేర్కొంది. ముక్క కాలువ వలె లోపలికి వంగి ఉంటుంది. లోపలి వైపు ఎర్రని గోధుమ రంగులో, నిలువు గీతలతో ఉంటుంది. విరిచినప్పుడు పేళ్ళుగా విరుగుతుంది. పై పొరకు సరిగ్గా కింద పలుచని తెల్లని పొర ఒకటి తెగకుండా సాగుతుంది. రుచి వగరు. అయితే తెలియని బెరడును నోట పెట్టి పరీక్షించడం ఎవరికీ తగదు. చూపుకు, స్పర్శకు అందే గుర్తులతోనే మనం ఆగిపోవాలి.

నరమామిడి బెరడు నున్నగా, గోధుమ ఛాయ గల బూడిద రంగులో ఉంటుంది. సీతాఫలం కుటుంబపు అనేక చెట్ల వలె దీని బెరడులో నార అధికం. పీకితే పేళ్ళుగా విరగడానికి బదులు పీలికలుగా సాగుతుంది.

ఈ గుర్తులన్నీ ముక్క ముక్కగా ఉన్నంతవరకే. బెరడును దంచి పొడి చేసిన మరుక్షణం వంపు, బొడిపెలు, తెల్లని పొర, విరుగుడు అన్నీ మాయమవుతాయి. మిగిలేది గోధుమ రంగు పొడి. దానిని కంటితో గుర్తించగలమని చెప్పేవారి మాట నమ్మదగినది కాదు. సూక్ష్మదర్శిని, రసాయన పరీక్ష, జన్యు పరీక్ష మాత్రమే అప్పుడు సాక్ష్యం చెప్పగలవు.

అంగడిలో ఏమి జరుగుతోంది?

2016లో వెలువడిన ఒక శాస్త్రీయ అధ్యయనం ఈ విషయాన్ని కలవరపరిచే విధంగా తేల్చింది. పరిశోధకులు ప్రధానంగా దక్షిణ భారతంలోని 25 అంగళ్ళ నుండి అశోకం పేరుతో అమ్ముతున్న బెరడు నమూనాలను సేకరించి, జన్యు సంకేతాల ఆధారంగా పరీక్షించారు. వాటిలో 80 శాతానికి పైగా అశోకం కాదని తేలింది. ఆ నమూనాలు కనీసం ఏడు వేర్వేరు వృక్ష కుటుంబాలకు చెందినవి. నరమామిడి బెరడును అశోకానికి బదులుగా వాడటం గురించి ఔషధ మొక్కల గ్రంథాలు చాలాకాలంగా హెచ్చరిస్తూనే ఉన్నాయి.

ఇందులో ప్రతి వ్యాపారీ ఉద్దేశపూర్వకంగా మోసగిస్తున్నాడని అనలేము. అడవిలో బెరడు సేకరించేవాడు ఒక పేరు చెబుతాడు, దళారి దానిని మరొకరికి అందిస్తాడు, అంగడి యజమాని అదే పేరును కొనుగోలుదారుకు వినిపిస్తాడు. చేతులు మారిన కొద్దీ పేరు మిగులుతుంది, చెట్టు జాడ తెలియకుండా పోతుంది. మధ్యలో ఏ ఒక్కరూ ఆకును గానీ పువ్వును గానీ చూచి ఉండరు. మాట ఎవరి నుండి ఎవరికి చేరిందో, మొదట చెప్పినవాడు స్వయంగా చూచాడో లేదో పరిశీలించకుండా దానిని స్వీకరించరాదని మా మదర్సాలలో మొదటి సంవత్సరం విద్యార్థికి సైతం బోధిస్తాము. బెరడు విషయంలో కూడా ఆ జాగ్రత్త అవసరమే.

ఒకసారి ఒక పట్టణంలోని మూలికల అంగడిలో అశోక బెరడు చూపించమని అడిగాను. యజమాని ఒక కట్ట ముందుంచాడు. ముక్కలు బల్లపరుపుగా ఉన్నాయి. విరచబోతే తాడు వలె నార సాగింది, తెల్లని పొర జాడ లేదు. "ఇది ఏ చెట్టుదండీ?" అంటే, "అశోక చెట్టుదే సాయిబు గారూ. మన ఆఫీసుల ముందు ఉంటాయి కదా, అవే" అన్నాడు. అతని స్వరంలో కపటం లేదు. వీధిలో నిలిచిన చెట్టు పేరును అతడు నిజాయితీగానే నమ్మాడు. తప్పుడు పేరు ఎంత దూరం ప్రయాణిస్తుందో ఆ సమాధానం తెలియజేస్తుంది.

సోదరీమణులకు ఒక విన్నపం

బెరడు అసలైనదా నకిలీదా అనే ప్రశ్నకంటే ముందు మరో ప్రశ్న ఉంది: రక్తస్రావానికి కారణం ఏమిటి? గర్భాశయంలో కణితులు, థైరాయిడ్ లోపం, హార్మోన్ల అసమతుల్యత, రక్తం గడ్డకట్టడంలో లోపం, ఇంకా ఎన్నో కారణాలు ఉండవచ్చు. వాటిలో ప్రతిదానికీ చికిత్స వేరు. కారణం తెలుసుకోకుండా కషాయం కాచి తాగడం వలన నెలలు గడిచిపోతాయి, రక్తహీనత పెరుగుతుంది.

మా వీధిలోని ఒక సోదరి ఈ సమస్యతో ఏడాదికి పైగా ఇంటి కషాయాలతో కాలక్షేపం చేసింది. సిగ్గు వలన ఇంటిలోని పురుషులకు చెప్పలేదు. మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చే స్థితికి చేరిన తరువాత మా ఇంటావిడతో ఆ మాట చెప్పుకుంది. ఇద్దరూ కలిసి స్త్రీ వైద్య నిపుణురాలి వద్దకు వెళ్ళారు. పరీక్షలలో గర్భాశయ కణితి, తీవ్రమైన రక్తహీనత బయటపడ్డాయి. చికిత్సతో ఆమె కోలుకుంది. ఆమె తాగిన బెరడు ఏ చెట్టుదో ఎవరికీ తెలియదు. తెలిసినా ఆ కణితి సంగతి వైద్యురాలే చూడవలసి ఉండేది.

ఋతుస్రావం ఏడు రోజులకు మించి కొనసాగినా, వరుసగా కొన్ని గంటలపాటు ప్రతి గంటకూ ప్యాడ్ మార్చవలసి వచ్చినా, గడ్డలు పడుతున్నా, నీరసం, ఆయాసం, ముఖం పాలిపోవడం కనిపించినా ఆలస్యం చేయక వైద్యురాలిని కలవాలి. ఋతుక్రమం ఆగిపోయిన తరువాత మళ్ళీ రక్తం కనిపిస్తే అది ఎంత కొద్దిదైనా పరీక్ష చేయించుకోవాలి. గర్భిణికి రక్తస్రావమైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. భర్తలు, తండ్రులు, సోదరులు ఈ విషయాన్ని మాట్లాడదగనిదిగా భావించక, ఇంటిలోని స్త్రీలు సంకోచం లేకుండా చెప్పుకునే వాతావరణం కల్పించాలి.

ఆయుర్వేద చికిత్సనే కోరేవారు అర్హత గల వైద్యుని సలహాతో, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ముద్రించిన ఔషధాన్ని మాత్రమే తీసుకోవాలి. విడిగా అమ్మే పొడి జోలికి పోకపోవడం మంచిది. వీధిలోని చెట్టు బెరడును చెక్కి కషాయం కాచుకోవడం ఎంతమాత్రం తగదు.

చెట్టుకు జరుగుతున్న నష్టం

అశోకానికి గిరాకీ అధికం, చెట్లు తక్కువ. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ 1998లోనే దీనిని ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అడవుల నరికివేత ఒక కారణం, బెరడు కోసం సాగే విచ్చలవిడి సేకరణ మరో కారణం.

బెరడు తీస్తే చెట్టు ఎందుకు చనిపోతుందో పిల్లలకు వివరించాలి. ఆకులు తయారు చేసిన ఆహారం వేళ్ళకు చేరేది బెరడు లోపలి పొర గుండానే. మాను చుట్టూ వలయంగా బెరడు ఒలిస్తే ఆ మార్గం తెగిపోతుంది. పైన ఆకులు కొంతకాలం పచ్చగానే ఉంటాయి, కింద వేళ్ళు ఆకలితో నశిస్తాయి. ఆ తరువాత చెట్టు మొత్తం ఎండిపోతుంది.

నాటదలచినవారికి ఈ చెట్టు కష్టమైనదేమీ కాదు, ఓపిక మాత్రం కావాలి. గింజలను నిల్వ ఉంచక తాజాగా విత్తాలి. లేత మొక్కకు పాక్షికమైన నీడ, తేమ గల నేల అవసరం. పెరుగుదల నిదానం. పాఠశాల, మదర్సా, మస్జిద్, ఆసుపత్రి ప్రాంగణాలలో నీటి వసతి గల చోట దీనిని నాటవచ్చు. మొక్కను కొనేటప్పుడు పేరు అడగడం కంటే ఆకును చూడడం ముఖ్యం. కాడకు ఇరువైపులా జంట పత్రకాలు కనిపించకపోతే ఆ మొక్క మీరు కోరుకున్నది కాదు.

నరమామిడిని నిందించవద్దు

ఇంత చెప్పిన తరువాత నరమామిడిపై ఎవరికైనా చిన్నచూపు కలిగితే అది అన్యాయం. అది మన దక్షిణ భారతానికి, శ్రీలంకకు చెందిన స్వదేశీ వృక్షం. తక్కువ స్థలంలో ఎదుగుతుంది, పక్షులకు పండ్లనిస్తుంది. తోకతో, నల్లని రెక్కలపై ఆకుపచ్చని చుక్కలతో ఎగిరే ఒక అందమైన సీతాకోకచిలుక తన గుడ్లను దీని ఆకులపై కూడా పెడుతుంది. దాని గొంగళి పురుగు ఈ ఆకులను తింటుంది. వేరొక చెట్టు పేరుతో పిలవడం దీనికి గౌరవం కాదు. దీనికి సొంత పేరు ఉంది, ఆ పేరుతోనే పిలుద్దాం.

ఈ సెలవులలో పిల్లలను వెంటబెట్టుకుని సమీపంలోని చెట్ల వద్దకు వెళ్ళండి. కొమ్మలు విరవకుండా, రాలిన ఆకులను మాత్రమే ఏరుకోమని చెప్పండి. ముందుగా మొగ్గను వెతికి ఆకు సరళమా సంయుక్తమా తేల్చండి. తరువాత అంచును, చివరి జంటను చూడండి. మాను మీద కాగితం ఉంచి పెన్సిలుతో రుద్దితే బెరడు రూపం అచ్చుపడుతుంది. ఆకును పాత పుస్తకంలో ఆరబెట్టి, పక్కన తేదీ, స్థలం రాయించండి. పూత కాలంలో మళ్ళీ వెళ్ళి పువ్వును చూచి, ఆ తరువాతనే పేరు రాయించండి. అంతవరకు పేరు గడి ఖాళీగానే ఉండనివ్వండి. తొందరపడి రాసిన తప్పుడు పేరు కంటే ఖాళీ గడి మేలు.